75 శాతం హాజరు: తండ్రి గడిలో కొడుకు నంబరు

గోదావరిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు) | సోమవారం, రాత్రి 9:12

సభ్యులకు నమస్కారం. హైదరాబాదు శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో 11 ఏళ్లుగా ఎలక్ట్రానిక్స్ బోధిస్తున్నాను. పోయిన వారం మా విభాగంలో జరిగిన ఒక సంగతిని మీ ముందు పెట్టి, మీరేమంటారో తెలుసుకోవాలనుకుంటున్నాను.

మూడో సంవత్సరం చదువుతున్న ఒక అబ్బాయికి సెమిస్టరు ముగిసేసరికి 61 శాతం హాజరు తేలింది. జేఎన్‌టీయూ హైదరాబాదు అనుబంధ కళాశాలల్లో చదివినవారికి ఈ లెక్క తెలిసిందే. అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉన్నవారు అనారోగ్యం వంటి సరైన కారణం, దానికి తగిన ఆధారం చూపిస్తే, రుసుము కట్టించుకొని కళాశాల కమిటీ మినహాయింపు ఇవ్వవచ్చు. దాన్నే మేం కాండొనేషన్ అంటాం. 65 కంటే తగ్గితే ఆ వీలు కూడా లేదు; ఆ విద్యార్థి డిటెయిన్ అయినట్టే, అంటే పరీక్షలు రాయకుండా మరుసటి ఏడాది జూనియర్లతో కూర్చుని అదే సెమిస్టరు మళ్లీ చదవాలి.

తండ్రి ఆర్టీసీలో కండక్టరు. కబురు అందగానే డ్యూటీ మార్చుకొని యూనిఫారంతోనే వచ్చారు. “పిల్లవాడు రాని రోజు మెసేజీ పంపుతామని చేర్చుకునేటప్పుడు చెప్పారు. నాకు ఒక్కటి కూడా రాలేదు సార్” అన్నారు. కార్యాలయంలో కంప్యూటరు తెరిచి చూస్తే 43 మెసేజీలు వెళ్లినట్టు ఉంది. తెర మీది నంబరు మీద వేలు పెట్టి ఆయన ఒక్కొక్క అంకే చదివారు. మూడో అంకె దగ్గర వేలు ఆగిపోయింది. అది ఆ అబ్బాయి జేబులోనే ఉన్న రెండో సిమ్ము నంబరు. చేరిన రోజే తండ్రి నంబరు రాయవలసిన గడిలో తన నంబరు రాశాడు.

ఆయన కొడుకును పల్లెత్తు మాట అనలేదు. “నేనిప్పుడు ఎక్కడ సంతకం పెట్టాలి సార్?” అని మాత్రం అడిగారు. పెట్టడానికి కాగితమే లేదని చెప్పడం నా వల్ల కాలేదు; మా విభాగాధిపతి (హెచ్‌ఓడీ) గారు చెప్పారు.

ఆ రోజు నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. 20 ఏళ్ల మనిషి తరగతికి రాకపోతే వాళ్ల నాన్నకు కబురు పంపే పద్ధతిని పెట్టింది మేమే. ఆ పద్ధతి కళ్లు కప్పడం తప్ప ఇంకేమీ నేర్పనప్పుడు, బాధ్యత తెలియని పిల్లలని వాళ్లను అనే హక్కు మాకు ఎంతవరకు ఉంది?


పాతరిజిస్టరు | సోమవారం, రాత్రి 10:05

గోదావరిగట్టు గారూ, మీరు మరీ మెత్తబడుతున్నారు. నేను 34 ఏళ్లు పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. మా రోజుల్లో మెసేజీలు లేవు. హాజరు పట్టీలో ప్రతి పేరు ఎదుట 1, 2, 3 అని వరుస అంకెలు వేసుకుంటూ పోయేవాళ్లం; రాని రోజున ‘ఏ’ అని రాసి, మరునాడు వస్తే ఆగిన అంకె నుంచి కొనసాగించేవాళ్లం. ఇందులో ఒక సుగుణం ఉంది. ఒక ‘ఏ’ను అంకెగా మార్చాలంటే ఆ తరువాతి గడులన్నీ దిద్దాలి. “ఒక్క రోజే కదా సార్, వేసేయండి” అని వచ్చినవాడికి పట్టీ చూపించి, “ఈ ఒక్క రోజు కోసం ఇక్కడి నుంచి చివరి దాకా 29 గడులు కొట్టివేయాలి, వచ్చి నువ్వే కొట్టెయ్యి నాయనా” అంటే పెన్ను పట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి వచ్చేది కాదు. ఇప్పుడు సాఫ్టువేరులో ఒక్క క్లిక్కుతో మారిపోతుంది కాబట్టి అడిగేవాడికీ సిగ్గు లేదు, మార్చేవాడికీ బరువు తెలియదు.

రావడం, రాకపోవడం విద్యార్థి చేతిలోని పని. 61 శాతం వచ్చిందంటే అది అతని లెక్కే. ఇక తప్పులో కళాశాల వంతెంత, ఇంటివాళ్ల వంతెంత అని పంచుకోవడం దేనికి?


నాలుగోఏడు | సోమవారం, రాత్రి 11:40

పెద్దలకు నమస్కారం. నేను బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఆ అబ్బాయిని సమర్థించడానికి రాయడం లేదు, కానీ పాతరిజిస్టరు గారు ఒక సంగతి వదిలేశారు.

నేను ఇంటర్మీడియట్ రెండేళ్లూ విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కళాశాలలో చదివాను. ఉదయం 5 గంటలకు బెల్లు మోగేది, రాత్రి 10 దాకా స్టడీ అవర్లు నడిచేవి. ఏ పూట ఏ సబ్జెక్టు చదవాలో గోడ మీద అంటించి ఉండేది. ఇంటికి ఫోన్ చేయాలంటే ఆదివారం వరుసలో నిలబడాలి. జ్వరం వచ్చినా మాత్ర ఎప్పుడు వేసుకోవాలో వార్డెనే చెప్పేవారు. ఆ రెండేళ్లలో నేను అలారం పెట్టుకోవలసిన అవసరం ఒక్క రోజు కూడా రాలేదు. ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది, కన్వీనరు కోటాలో సీటు వచ్చింది, అందరూ బాధ్యత గల పిల్లవాడని మెచ్చుకున్నారు.

ఇంజనీరింగ్ హాస్టల్లో మొదటి సోమవారం మా గదిలో నలుగురమూ 9:50కి లేచాం. తరగతి 9:30కి. ఎవరో ఒకరు లేపుతారని నలుగురమూ అనుకున్నాం. నవ్వు తెప్పించే మాటే అయినా, నాకు ఆ క్షణంలో నిజంగా అనిపించింది ఏమిటంటే, ‘బెల్లు ఎందుకు మోగలేదు’ అని. ఒక్క పూట కూడా సొంతంగా నడపనివ్వని చోటు నుంచి తీసుకొచ్చి, మరునాడు ఉదయం మొత్తం దినచర్యను చేతిలో పెడితే, అది చేజారడంలో వింతేముంది?


నూజివీడు అమ్మ | మంగళవారం, ఉదయం 6:55

మా అబ్బాయి కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోని కళాశాలలో చదువుతున్నాడు. పై అబ్బాయి రాసింది చదివి నా తప్పు నాకు కనిపించింది కాబట్టి రాస్తున్నాను. మొదటి ఏడాదంతా ఉదయం 6:30కి ఇక్కడి నుంచి ఫోన్ చేసి నేనే లేపేదాన్ని. తియ్యకపోతే మళ్లీ చేసేదాన్ని, ఇంకా తియ్యకపోతే పక్క గది అబ్బాయికి చేసేదాన్ని. పొయ్యి మీద పాలు, చెవి దగ్గర ఫోను. అలా గడిచిపోయింది ఆ ఏడాది.

రెండో ఏడాదిలో మా ఆయనకు ఆపరేషను అయింది. ఆసుపత్రిలో ఉన్న 10 రోజులూ నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. ఇంటికొచ్చాక భయపడుతూ అడిగితే, ఎనిమిది రోజులు వెళ్లానన్నాడు. పోయిన రెండింటిలో ఒకటి మాత్రం మిడ్ పరీక్ష రోజు. వాళ్లకు సెమిస్టరు మధ్యలో జరిగే రెండు మిడ్ పరీక్షల్లో మెరుగైనదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం లెక్క కాబట్టి గండం గడిచింది. ఆ సంగతి వాడే చెప్పాడు, నేను అడగకముందే. ఫోన్ చేసి లేపిన ఏడాదిలో ఏనాడూ వాడంతట వాడు ఏదీ చెప్పలేదు.

ఆ తరువాత నేను లేపడం మానేశాను. అయినా 6:30 అయ్యేసరికి చెయ్యి ఫోను దగ్గరికి పోతూనే ఉంటుంది.


4వ కౌంటరు | మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను ఒక కళాశాల పరీక్షల విభాగంలో గుమాస్తాను. బోధించేవారికి కనిపించని ఒక పక్క మాకు కనిపిస్తుంది, అది చెబుతాను.

సెమిస్టరు చివరి వారంలో మా కిటికీ ముందు మెడికల్ సర్టిఫికెట్లు వరుస కడతాయి. మా ఊళ్లో ఒకే వీధిలోని ఒకే క్లినిక్కు లెటర్‌హెడ్డు మీద, ఒకే పెన్నుతో, 17 మందికి టైఫాయిడ్ వచ్చిన సంవత్సరం నాకు గుర్తుంది. రోగం వచ్చిన తేదీలు కూడా కచ్చితంగా ఎవరికి ఎన్ని రోజులు తక్కువయ్యాయో అన్ని రోజులే ఉంటాయి. ఒక కాగితంలో ఫిబ్రవరి 30 వరకు విశ్రాంతి అవసరమని ఉంది. ఆ కాగితాన్ని స్వయంగా తెచ్చి ఇచ్చింది తండ్రి. ఆయన మోసగాడు కాదు, సంవత్సరం పోతుందన్న భయంతో వచ్చినవాడు. మా దగ్గర డిటెయిన్ అయినవారు మళ్లీ చదివే సెమిస్టరు ఫీజును చేతి నుంచే కట్టుకున్నారు, ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్సుమెంటు అందలేదు. అందువల్ల ఆ భయం ఉత్తది కాదు.

తండ్రి గడిలో సొంత నంబరు రాయడం కొత్త విషయం కాదు. యాంటీ ర్యాగింగ్ ప్రమాణపత్రం ఏటా ఆన్‌లైన్లో విద్యార్థి ఒకటి, తల్లిదండ్రులు ఒకటి ఇవ్వాలి కదా. నెట్ సెంటరులో కూర్చుని రెండూ ఒక్కరే నింపుతారు. ‘నేను, ఫలానావారి తండ్రిని’ అని 18 ఏళ్లవాడు టైపు చేస్తుంటే పక్కన స్నేహితులు నవ్వుతుంటారు. మేం దాన్ని ప్రింటు తీసి ఫైలులో పెట్టుకుంటాం. చేర్చుకునే రోజున కౌంటరు దగ్గరే ఆ నంబరుకు ఒక్కసారి ఫోన్ చేస్తే సగం బెడద తప్పుతుందని నేను రెండుసార్లు చెప్పాను. 600 మందికి ఎవరు చేస్తారని అడిగారు. అదీ నిజమే.


వాదిప్రతివాది | మంగళవారం, సాయంత్రం 6:30

నేను న్యాయవాదిని. పాతరిజిస్టరు గారు 75 శాతాన్ని వేదవాక్యంలా చూస్తున్నారు. 2016లో ఢిల్లీలో ఒక న్యాయ విద్యార్థి, హాజరు తక్కువైందని పరీక్షలకు అనుమతించకపోవడంతో ప్రాణం తీసుకున్నాడు. ఆ వ్యవహారం మీద విచారణ సాగి సాగి, 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది: హాజరు చాలలేదన్న కారణంతో న్యాయ కళాశాలలు విద్యార్థులను పరీక్షలు రాయకుండా ఆపరాదని, హాజరు నిబంధనలను న్యాయవిద్యను పర్యవేక్షించే బార్ కౌన్సిల్ పునఃపరిశీలించాలని చెప్పింది. అది న్యాయవిద్యకు సంబంధించిన తీర్పు. మీ ఇంజనీరింగ్ కళాశాలలకు నేరుగా వర్తించదు. అయినా ఒక శాతం అంకె మీద ఒక మనిషి ఏడాదిని వేలాడదీయడం ఎంత సబబో ఆలోచించడానికి అది చాలు.

మరొక మాట. మన దేశంలో 18 నిండితే మేజరు. 1989 నుంచి 18 ఏళ్లకే ఓటు కూడా ఉంది. ఎమ్మెల్యేను ఎన్నుకోగల వ్యక్తి మూడో పీరియడుకు రాలేదని వాళ్ల నాన్నకు తెలియజేసే వ్యవస్థకు, బాధ్యత గురించి ఉపన్యసించే అర్హత లేదు.


పాతరిజిస్టరు | మంగళవారం, రాత్రి 8:45

న్యాయవాది గారి మొదటి మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒక ప్రాణం పోయిన చోట వాదన పెంచను. రెండో మాటకు ఉంది. మేజరు అయినవాడు తన ఫీజు తాను కట్టుకుంటున్నాడా? కండక్టరు గారు నెలంతా నిలబడి టికెట్లు కోసిన డబ్బు అందులో ఉంది. ఎవరి డబ్బుతో చదువుతున్నాడో వారికి లెక్క తెలియాలి.


రాత్రిడ్యూటీ | మంగళవారం, రాత్రి 11:58

సార్, తన ఫీజు తాను కట్టుకునేవాళ్లూ ఉన్నారు. నేను డిగ్రీ రెండో సంవత్సరం. సాయంత్రం 6 నుంచి రాత్రి 12 దాకా బండి మీద భోజనం పార్సిళ్లు అందిస్తాను. గది అద్దె, పెట్రోలు, చెల్లెలి పుస్తకాలు అందులోంచే వెళ్లాలి. మొదటి పీరియడు నాకు నెలలో సగం రోజులు పోతుంది. పోయిన సెమిస్టరులో నా హాజరు 68. టైఫాయిడ్ కాగితం 300 రూపాయలకు దొరుకుతుందని స్నేహితులు చెప్పారు, మొదట నేను తీసుకోలేదు. ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లి, పని చేస్తున్నానని ఉన్నదున్నట్టు చెప్పి, యాప్‌లో నా డ్యూటీ గంటలు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, “దీనికి మా ఫారంలో కాలమ్ లేదు బాబూ” అన్నారు. నిజం చెప్పినవాడికి గడి లేదు, అబద్ధానికి ఉంది. చివరికి జ్వరం కాగితమే తెచ్చి పెట్టాను. దాని గురించి నాకు ఇప్పటికీ బాగా అనిపించదు.

నేను రాని రోజులను బాధ్యత లేనితనమని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను.


చర్చ నిర్వాహకులు | బుధవారం, ఉదయం 9:00

వ్యక్తుల్ని ఉద్దేశించిన రెండు వ్యాఖ్యలను తొలగించాం. దయచేసి కళాశాలల పేర్లు రాయకండి.


డాలసుతెలుగు | బుధవారం, ఉదయం 9:48

నేను అమెరికాలో ఎంఎస్ చదువుతూ ఒక కోర్సులో టీచింగ్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. రాత్రిడ్యూటీ గారి సందేశం చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఇక్కడ చాలా కోర్సుల్లో హాజరు ఎవరూ అడగరు, ఇంటికి ఎవరూ ఫోన్ చేయరు. ఎఫ్‌1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారు సెమిస్టరు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. ఆ గంటలు లెక్క పెట్టుకోవలసింది కూడా విద్యార్థే.

పోయిన సెమిస్టరులో అసైన్‌మెంట్లు దిద్దుతుంటే మూడు ప్రోగ్రాములు ఒకేలా కనిపించాయి. వేరియబుల్ పేర్లు మార్చారు కానీ ఒక కామెంటులో ‘వాల్యూ’ అన్న మాటకు స్పెల్లింగ్ తప్పు మూడింటిలోనూ అలాగే ఉంది. ముగ్గురూ మనవాళ్లే, ఒకరు నా రూమ్మేటు. “మనలో మనకెందుకు అన్నా, చూడనట్టు వదిలెయ్యి” అన్నాడు. నేను ప్రొఫెసరుకు చెప్పాను, విచారణ జరిగింది, ముగ్గురికీ ఆ అసైన్‌మెంటుకు సున్నా వేశారు. విచారణలో వాళ్లను హాజరు గురించి కానీ మార్కుల గురించి కానీ అడగలేదు. ‘ఇది నా సొంత పని’ అని పైన సంతకం ఉంది కదా, అది నిజమా కాదా అని మాత్రమే అడిగారు.

రూమ్మేటు నెల రోజులు నాతో మాట్లాడలేదు. అతను చెడ్డవాడు కాదు. బీటెక్‌లో మేమిద్దరం సీనియర్ల ల్యాబు రికార్డులు చూసి రాసినవాళ్లమే, అప్పుడు ఎవరూ దాన్ని తప్పనలేదు.


గోదావరిగట్టు | బుధవారం, రాత్రి 10:30

ల్యాబు రికార్డు మాట వచ్చింది కాబట్టి నేనూ నా వంతు ఒప్పుకోవాలి. మా ప్రయోగశాలలో జీనర్ డయోడ్ ప్రయోగం ఒకటి ఉంది. మేం ఇచ్చే డయోడుకు బ్రేక్‌డౌన్, అంటే అందులోంచి కరెంటు ఒక్కసారిగా పారడం మొదలవడం, 6.2 వోల్టుల దగ్గర రావాలి. ఒక ఏడాది రికార్డులు దిద్దుతుంటే ఒకదాంట్లో 62 వోల్టులు అని కనిపించింది. చుక్క పడలేదనుకుని ఎర్ర సిరాతో పెట్టాను. రెండో రికార్డులోనూ 62. ఆ సెక్షనులో 41 రికార్డుల్లో 62 ఉంది. మా బల్లల మీద ఉన్న పవర్ సప్లై 30 వోల్టులకు మించి ఇవ్వదు. పాత రికార్డులు వెతికితే ఆ అంకె అంతకు మూడేళ్ల ముందు ఒక అమ్మాయి రికార్డులో తొలిసారి కనిపించింది. ఆమె పొరపాటున చుక్క మరిచింది, అంతే. అక్కడి నుంచి ఏటేటా అలాగే దిగివచ్చింది.

ఆ మూడేళ్ల రికార్డులన్నిటి మీదా, ప్రతి పేజీ అడుగునా, నా సంతకం ఉంది. చూడకుండా రాసింది వాళ్లు, చూడకుండా సంతకం పెట్టింది నేను. వాళ్లను పిలిచి కోప్పడడానికి వెళ్లి, ఏమీ అనలేక, ప్రయోగం మళ్లీ చేయించాను.

అందుకే ఈ మూడు రోజుల చర్చలో నాకు ఒక తేడా స్పష్టపడింది. మొదట హాజరు గురించి అడిగాను. అసలు నన్ను కలవరపెట్టింది హాజరు కాదు. రాత్రిడ్యూటీ బాబు 68 శాతంతో నా దృష్టిలో ఏ తప్పూ చేయలేదు; అతని చేత జ్వరం కాగితం తెప్పించిన మా ఫారానిదే తప్పు. కండక్టరు గారి అబ్బాయి విషయంలో 39 శాతం రాకపోవడం కంటే, చేరిన మొదటి రోజు ఆ గడిలో రాసిన పది అంకెలు పెద్దవి. రాకపోవడానికి వెయ్యి కారణాలు ఉండవచ్చు. ఆ పది అంకెలకు కారణం ఒక్కటే: జవాబు చెప్పవలసిన రోజు వస్తుందని వాడికి ముందే తెలుసు.


పాతరిజిస్టరు | గురువారం, ఉదయం 7:10

రాకపోవడం వేరు, కల్లలాడడం వేరు అన్న మాట ఒప్పుకుంటాను. కానీ మొదటిదాన్ని మరీ తేలిక చేయకండి. 34 ఏళ్లలో నేను చూసినంతవరకు, రెండోది మొదటిదాన్ని దాచుకోవడానికే పుడుతుంది. రాత్రిడ్యూటీ బాబుకు ఒక మాట: మీ ప్రిన్సిపాల్ గారికి పని గంటల కోసం ఒక కాలమ్ పెట్టమని కాగితం మీద రాసివ్వండి. నోటితో చెప్పింది ఫైలు ఎక్కదు. నా పేరు కావాలంటే వ్యక్తిగత సందేశంలో ఇస్తాను, నేనూ సంతకం పెడతాను.


నాలుగోఏడు | గురువారం, మధ్యాహ్నం 2:15

గోదావరిగట్టు గారూ, ఆ అబ్బాయి ఇప్పుడు ఏం చేస్తున్నాడు? వాళ్ల నాన్నతో మాట్లాడుతున్నాడా?


గోదావరిగట్టు | శనివారం, రాత్రి 9:40

ఈ రోజే తెలిసింది. వచ్చే ఏడాది తిరిగి చేరడానికి దరఖాస్తు తీసుకోవడానికి ఒక్కడే వచ్చాడు. నేను కార్యాలయంలో వేరే పని మీద ఉన్నాను. 4వ కౌంటరు గారు చెప్పిన సలహాను మా గుమాస్తాకు వినిపించి ఉన్నాను. అయినా ఆయన నంబరు తిప్పకముందే ఆ అబ్బాయి తన ఫోను తీసి, ఈసారి దరఖాస్తులో తండ్రి గడిలో తాను రాసిన నంబరుకే చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. చాలాసేపు మోగింది. తీశాక మొదట బస్సు ఇంజను చప్పుడు, చిల్లర చప్పుడు వినిపించాయి. “నాన్నా, నేను కాలేజీలో ఉన్నా. నీ నంబరు రాసిచ్చా, సరిగ్గా ఉందో లేదో చూడమని చేశా” అన్నాడు.

“సరే రా. టికెట్లు ఇస్తున్నా, డిపోకు పోయాక చేస్తా” అని అటునుంచి వినిపించింది.